ప్రసాదం ముట్టని కోడలు

ప్రశ్న: మా అబ్బాయి రెండేళ్ల కిందట క్రైస్తవుల అమ్మాయిని రిజిస్టరు పెళ్లి చేసుకున్నాడు. కోడలు మంచిదే, నన్ను బాగా చూసుకుంటుంది. కానీ బొట్టు పెట్టుకోదు, ప్రసాదం ముట్టదు. మొన్న వరలక్ష్మీ వ్రతం రోజు చుట్టాలందరి ముందూ ప్రసాదం వద్దనేసరికి నాకు తల కొట్టేసినట్టయింది. నవంబరు ఆఖర్లో కాన్పు. సీమంతం, బారసాల ఎలా చేయాలి?
– ఒక అత్తగారు, ఒంగోలు

జవాబు: అమ్మా, మనకు ప్రసాదం కాదనడమంటే దేవుణ్ని కాదనడమే. ఆమె పెరిగిన ఇంట్లో లెక్క వేరు. బైబిల్లో కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో 8, 10 అధ్యాయాలు ఈ విషయం మీదే ఉన్నాయి. ఇది విగ్రహాలకు అర్పించినదని ఎవరైనా చెబితే తినవద్దని అందులో ఉంది. నలుగురిలో చేతికిచ్చి ‘అమ్మవారి ప్రసాదం తీసుకోమ్మా’ అంటే ఆమెకు వద్దనడం తప్ప దారి లేదు. ఆ వద్దనడం మిమ్మల్ని కాదు.

దీనికి విరుగుడు వంటింట్లోనే ఉంది. నైవేద్యం పెట్టినదాన్ని తిరిగి పెద్ద గిన్నెలో కలపడం చాలా ఇళ్లలో అలవాటు. కలిపితే వంటంతా ప్రసాదమే, ఆమెకు ఆ పూట పస్తే. పూజకు ముందే పులిహోర, పరమాన్నం చిన్న గిన్నెల్లోకి తీసి, నైవేద్యమయ్యాక వాటిని విడిగా పంచండి. పెద్ద గిన్నెలోది అందరికీ భోజనం. వండినదంతా నివేదించాల్సిందే అనే ఆచారం మీదైతే, ఆమెను విడిగా ఓ కూర వండుకోనివ్వండి. చెప్పకుండా కలిపి పెట్టేసి ‘తిన్నావుగా, ఏమైంది?’ అనడం మాత్రం వద్దు. ఆ తర్వాత మీరిచ్చే కాఫీ కూడా అనుమానంగానే తాగుతుంది.

సీమంతాన్నీ విడదీసి చూడండి. గాజులు, పూలు, పండ్లు, కొత్త చీర, భోజనాలు: వీటికి సాధారణంగా పేచీ ఉండదు. కుంకుమ, హారతి, అక్షింతలు, పూజ: వీటిని ఒక్కొక్కటీ ముందే అడగండి. పీటల మీద కూర్చోబెట్టాక అడిగితే ఆమె కాదన్నా ఇబ్బందే, ఔనన్నా ఇబ్బందే. చుట్టాల్లో ఎవరో ఒకరు ‘బొట్టేదీ?’ అంటారు, అనకుండా ఉండరు. జవాబు మీరే చెప్పండి: ‘తను పెట్టుకోదు వదినా, నాకు తెలుసు.’ అంతే. వివరించడం మొదలుపెడితే అది పంచాయితీ అవుతుంది.

బారసాలకు ముందు ఆమెది ఏ సంఘమో కనుక్కోండి. క్యాథలిక్కులు, లూథరన్లు, సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లు పసిబిడ్డకే బాప్తిస్మం ఇప్పిస్తారు. మీ వైపు ఎక్కువగా కనిపించే బాప్టిస్టులు, పెంతెకోస్తులు ఊహ తెలిశాకే ఇస్తారు, చంటిబిడ్డకు ప్రార్థనతో ప్రతిష్ఠ చేసి ఊరుకుంటారు. అలాంటి సంఘమైతే సగం గొడవ ఇప్పుడు లేనట్టే. పేరుకూ కంగారు లేదు. పుట్టుక 21 రోజుల్లో నమోదైతే చాలు, అదీ ఆసుపత్రి వాళ్లే పంపుతారు. పేరు 12 నెలల్లోపు రుసుము లేకుండా చేర్పించవచ్చు. మంచం పక్కనే నక్షత్రం పేరా, బైబిలు పేరా అని తగువు పడనక్కర్లేదు.

కోడలు పాటించాల్సినవీ ఉన్నాయి. పూజగది గురించి చులకన మాట రాకూడదు. కార్తీకంలో మాంసం మీ పొయ్యి మీద వండకూడదు. మీ మనసు మార్చమని ఇంట్లో ప్రార్థన కూటం పెట్టించకూడదు. అలాగే ఆమె గుడ్ ఫ్రైడే ఉపవాసం నాడు మీరు విందు పెట్టుకోకండి. ప్రత్యేక వివాహ చట్టం (1954) కింద జరిగిన పెళ్లికి ఎవరూ మతం మారనక్కర్లేదు కనుక ‘ఈ ఇంటి కోడలివి, మాలాగే ఉండాలి’ అనే మాటకు బలం లేదు.

ఇవన్నీ ఆమెతో మాట్లాడాల్సింది మీ అబ్బాయి. ‘మీరూ మీరూ చూసుకోండి’ అని అతను తప్పుకుంటున్నాడేమో చూడండి. నాకైతే అసలు చిక్కు అక్కడే ఉన్నట్టుంది. ముహూర్తం పెట్టించే ముందు ముగ్గురూ కూర్చోండి, కేలెండరు దగ్గర పెట్టుకుని. నవంబరు ఆఖరు కాన్పంటే ఇరవయ్యొకటో రోజు బారసాల క్రిస్మస్ దగ్గర్లో పడుతుంది. 24, 25 తేదీలు వదిలేయండి.