వంటింటి ముచ్చట్లు: చింతచిగురు మొండికేస్తే...

ప్రశ్న: అక్కా, మాది మిర్యాలగూడ. డ్యూటీ నుంచి వచ్చేసరికి ఏడవుతుంది, రాగానే పిల్లలు ఆకలంటారు. ఈ ఎండల్లో పొయ్యి దగ్గర గంటసేపు నిలబడలేను. మొన్న చింతచిగురు పప్పు చేస్తే పప్పు ఉడకనే లేదు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: చిగురు, పప్పు కలిపి కుక్కర్‌లో పెట్టి ఉంటావు చెల్లీ. పులుపు తగిలితే పప్పు మెత్తబడదు. పెళ్లయిన కొత్తలో నేనూ అదే చేశాను. మా అత్తమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "రాళ్లు ఏరలేదా?" అంది!

రాగానే గ్లాసు కందిపప్పు కడిగి, పసుపు వేసి నాలుగు విజిల్స్ రానివ్వు. ఆలోపు రెండు గుప్పిళ్ల చిగురు అరచేతుల మధ్య నలుపు. పీచు, పుల్లలు చేతికి తగులుతాయి, తీసెయ్. తడి మీద నలిపితే ముద్దవుతుంది, కడిగి ఆరబెట్టాకే నలపాలి. కడిగి ఆరబెట్టే పని పొద్దున్నే చేసిపెట్టుకో. పల్లీనూనెలో జీలకర్ర, ఎండుమిర్చి, దంచిన ఎల్లిపాయలు వేసి, చిగురు వేయించు. పచ్చదనం పోయి ముదురు రంగుకు తిరగ్గానే ఉడికిన పప్పు, ఉప్పు కలిపి ఐదు నిమిషాలు ఉంచితే చాలు. చింతపండు వేయకు, చిగురు పులుపే ఎక్కువ.

మరీ ఓపిక లేని రోజు పచ్చిపులుసు చెయ్. పచ్చిమిర్చి కాల్చడం తప్ప పొయ్యితో పనే లేదు. ఉల్లిగడ్డ మాత్రం చేత్తో పిసికి కలుపు. నువ్వుల పొడి వేస్తే మా ఇంట్లో గిన్నె ఖాళీ.