మెట్లు తర్వాత ఎక్కుదువుగానీ, ముందు ఈ నలుగురితో మాట్లాడు

పాపా,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. అందులో తిండి గురించి రాసింది కొంచెమే, మిగతాదంతా సిగ్గే. పెళ్లిలో ఎవరో "ఏం మే, గుర్తే పట్టలేదు, ఇంత ఒళ్లు చేసేసినావే" అన్నందుకు రెండు రోజులు కడుపు మాడ్చుకోవడం, మూడో రోజు రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో లైటు కూడా వేయకుండా నిలబడి మిగిలిన అన్నం, డబ్బాలో మురుకులు, బిడ్డ కోసం దాచిన బిస్కెట్లు అన్నీ తినేసి ఏడవడం. నువ్వొక్కదానివే ఇలా చేస్తున్నావని అనుకుంటున్నావు. నర్సుగా పనిచేసినన్నాళ్లూ ఇదే కథ నా దగ్గర చెప్పుకున్నవాళ్లు ఎంతమందో. టీచర్లు, పోలీసాయన భార్య, ఒకసారి ఏకంగా ఒక డాక్టరమ్మ. అందరూ తలుపు వేసి ఉందా లేదా చూసుకుని చెప్పినవాళ్లే.

అలిపిరి మెట్లు వారం వారం ఎక్కితే తగ్గుతానా అని అడిగావు. దానికి జవాబు తర్వాత చెప్తా. ముందు నువ్వు ఇంతకాలం దాచుకున్న ఈ సంగతి ఓ నలుగురికి చెప్పాలి. చెప్పి ఊరుకుంటే లాభం లేదు, ఒక్కొక్కరిని ఒక్కో పని అడగాలి. "నాకు సపోర్ట్ చేయండి" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు, సరే సరే అంటారు, సాయంత్రం బజ్జీలు పొట్లం కట్టించుకుని వస్తారు.

మొదట అల్లుడు, అదే, నీ మొగుడు. మంచివాడు, కానీ చెప్పకపోతే తెలిసే రకం కాదు. అతన్ని మూడే అడుగు. మామూలు రోజుల్లో బయటి నుంచి తినేవి ఏవీ ఇంటికి తేవద్దు, తినాలనిపిస్తే అందరం ఆదివారం బయటికి వెళ్లి తిందాం అని. పొద్దున ఐదున్నర నుంచి ఆరుంపావు దాకా బిడ్డను చూసుకోమని. మూడోది, నీ ఒంటి గురించి మంచైనా చెడైనా ఏమీ అనొద్దని. "తగ్గినట్టున్నావే" అని కూడా వద్దు. ఆ మాట విన్న రోజు బాగానే ఉంటుంది, వినపడని రోజు మళ్లీ అద్దం ముందు దిగులు మొదలవుతుంది.

ఇక మీ అత్త. అసలు పని ఇక్కడే ఉంది, ఎందుకంటే మీ ఇంట్లో గరిటె ఆమె చేతిలో ఉంది. ఆమె పెట్టేది ప్రేమతోనే, వద్దంటే నొచ్చుకుంటుంది, మళ్లీ వడ్డించేటప్పుడు నువ్వు కాదనలేవు. "మీ వంటతోనే లావయ్యాను" అన్నావో, ఆ ఇంట్లో ఆరు నెలలు ఎవరూ నోరు విప్పరు. అలా కాకుండా నూనె లెక్క ఆమెకే అప్పజెప్పు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో 2000 కేలరీల భోజనానికి మనిషికి రోజుకు నూనె 27 గ్రాములు అని ఉంది. మీరు పెద్దవాళ్లు నలుగురు, నెలకు లెక్కేస్తే మూడున్నర లీటర్లు. మీ ఇంట్లో ఐదు లీటర్ల క్యాను ఎన్ని రోజులకు అయిపోతుందో ఒకసారి గమనించు. ఒకటో తారీఖున ఆ మూడున్నర లీటర్లు వేరే డబ్బాలో కొలిచి పోసి, "అత్తా, ఇది నెలంతా రావాలంట, ఎట్ల సర్దుతారో మీరే చూడండి" అని పెట్టు. ఆ వయసు ఆడవాళ్లకు లెక్క ఇస్తే చాలు, ఇరవయ్యో తారీఖుకు డబ్బాలో ఎంత మిగిలిందో వీధిలో అందరికీ చూపిస్తారు. మీ మామకు బీపీ ఉంది కదా, ఆయన పేరు కూడా వాడుకో, తప్పులేదు.

పళ్లెం సంగతి. ఆ సూచనల్లోనే రోజుకు కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు అన్నారు, అంటే పళ్లెంలో సగం అవే ఉండాలి. మనకేమో సగానికి పైన అన్నం, ఓ మూల తాలింపు. ఒక్కరోజులో తిరగేయలేవు, కూర ముందు వడ్డించుకుని అన్నం తర్వాత పెట్టుకో, చాలు. సంగటి తింటే లావెక్కరని మన చిత్తూరు వాళ్లకు గట్టి నమ్మకం. రాగులు మంచివే, 100 గ్రాముల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. కానీ మన సంగటిలో బియ్యమూ ఉడుకుతుంది, ముద్ద కొబ్బరికాయంత చేసుకుంటే అదీ అన్నం కిందే లెక్క. నీ పిడికిలంత ముద్ద, పక్కన నిండుగా పులగూరో అలసంద పప్పో, కోడి పులుసైతే ముక్కలు ఎక్కువ, పైన తేలే నూనె తక్కువ. ఊరిబిండి పచ్చడి మానేయమని నేనెప్పుడూ చెప్పను, ఒక చెంచాతో ఆపు. బిడ్డ వదిలేసిన రసం అన్నం గిన్నె కడిగే ముందు నోట్లో వేసుకుంటావు చూడు, అది మాత్రం మానెయ్. పారేయడానికి మనసొప్పకపోతే వాడికి ముందే తక్కువ పెట్టు, అడిగితే మళ్లీ పెడదువు.

అన్నిటికంటే ముఖ్యం, పగలు తిను. నువ్వు రాత్రి తినేది నోరు కట్టుకోలేక అనుకుంటున్నావు గానీ, పొద్దున ఒక కాఫీ, మధ్యాహ్నం రెండు చపాతీలతో ఆఫీసు చేసి వచ్చిన మనిషికి రాత్రికి ఆకలి తిరగబడకుండా ఎలా ఉంటుంది? సాయంత్రం ఐదు గంటలప్పుడు గుగ్గిళ్లో, ఉడకబెట్టిన గుడ్డో, జామకాయో తిని చూడు, రాత్రి పదకొండుకు వంటింటి వైపు కాళ్లు లాగడం తగ్గుతుంది. శనివారం ఒక్కపొద్దు కూడా నువ్విప్పుడు బరువు కోసం మొదలుపెట్టావని మీ అమ్మ చెప్పింది. స్వామి కోసం ఉండేవాళ్లు ఉండనీ. పగలంతా ఏమీ తినకుండా సాయంత్రం దీపం పెట్టాక పూరీలు, ఉప్మా, అరటిపళ్లు అన్నీ ఒకేసారి తినేది బరువు తగ్గించదు, నీకైతే ఆ రాత్రి అలవాటును ఇంకా ఎగదోస్తుంది. కొన్నాళ్లు ఆపు. స్వామి ఏమీ అనుకోడు, ఆయన పక్కూళ్లోనే పుట్టి పెరిగినదాన్ని, నా మాట నమ్ము.

ఎప్పుడైనా మళ్లీ రాత్రి అలా తినేశావనుకో, మరుసటి రోజు శిక్ష వేసుకోకు. రోజూ తినే ఇడ్లీలే తిను, మామూలుగా. టిఫిన్ మానేస్తే ఆ రాత్రికి మళ్లీ అదే జరుగుతుంది, నీకే తెలుసు.

నడకకు తోడు కావాలి, అల్లుడు వద్దు. మొగుడితో నడిస్తే సగం దూరం ఇంటి లోన్ గురించి మాట్లాడుకుంటారు, మిగతా సగం ఆయన పది అడుగులు ముందుంటాడు. నీ వేగంతో నడిచే ఆడమనిషి ఒకరిని చూసుకో, మీ కొంగారెడ్డిపల్లెలో ఉండకపోరు. మీ చిత్తూరు మెసానికల్ గ్రౌండుకు పొద్దున నడకకు వచ్చేవాళ్లలో సగం మంది ఎవరైనా పిలిస్తే బాగుండునని చూసేవాళ్లే. ఒక్కదానివే అయితే అలారం మోగినప్పుడు పక్క మీదే నిర్ణయం అయిపోతుంది. వీధి చివర ఒక మనిషి నీ కోసం నిలబడి ఉంటే లేవక తప్పదు. రోజుకు అరగంట, వారానికి ఐదు రోజులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాలు అని చెప్పేది ఇదే. దాంతోపాటు రెండు రోజులు కండరాలకు పని ఉండాలి అంటుంది, జిమ్ అక్కర్లేదు, కుర్చీలో నుంచి చేతులు ఆనించకుండా పది సార్లు లేచి కూర్చో, గోడకు చేతులు పెట్టి తోయి. మొదట్లో తొడలు పట్టేస్తాయి, రెండు మూడు రోజుల్లో సర్దుకుంటాయి.

ఇప్పుడు అలిపిరి. అక్కడ 3550 మెట్లు, అందులో సగానికి పైన గాలి గోపురం వచ్చేలోపే అయిపోతాయి, తర్వాత కాస్త తెరిపి ఇచ్చి చివర్లో మోకాళ్ల పర్వతం దగ్గర ప్రాణం తీస్తాయి. శ్రీవారి మెట్టు 2388 మెట్లే, దగ్గరి దారని వెళ్తారు గానీ అది నిట్టనిలువు. ఆరు నెలలుగా నడవని మనిషి ఒక ఆదివారం వచ్చి అంత ఎత్తు ఎక్కితే మోకాళ్లు వాచి పది రోజులు మంచం మీద ఉంటుంది, ఆ పదో రోజుకు "నావల్ల కాదు" అన్న మాట బాగా నాటుకుపోతుంది. మొక్కు ఉంటే తీర్చుకో, నిదానంగా, కూర్చుంటూ లేస్తూ, దిగేటప్పుడు మాత్రం బస్సు. ఎక్కడానికి ఊపిరి చాలాలి, దిగేటప్పుడు బరువంతా మోకాళ్ల మీదే పడుతుంది. బరువు కోసమైతే మీ గ్రౌండు చాలు.

నాలుగో మనిషి డాక్టరు. థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, రక్తం శాతం, ఇవి చేయించుకో. నెలసరి సరిగ్గా రావడం లేదన్నావు, అది కూడా చెప్పు. హెచ్‌బీఏ1సీ 5.7 కన్నా తక్కువైతే మంచిది, 6.5, ఆపైన వస్తే షుగరు కిందకి వస్తుంది, మధ్యలో ఉంటే ఇప్పుడే జాగ్రత్త పడాలి. థైరాయిడ్ మాత్ర రాసిస్తే పరగడుపున నీళ్లతో వేసుకుని, కాఫీకి కనీసం అరగంట ఆగు, చాలామంది రెండూ కలిపి మింగేసి మాత్ర పనిచేయలేదంటారు. రాత్రి తినేది కూడా ఉన్నదున్నట్టు చెప్పు. ఆకలి లేకపోయినా దాచుకుని, ఆపలేక, ఒళ్లు బరువెక్కేదాకా తినడం, అది వారానికి ఒకసారైనా నెలల తరబడి జరగడం, దీనికి వైద్యం ఉంది, తిట్లు అక్కర్లేదు. ఎప్పుడైనా తిన్నది వేలు పెట్టి కక్కేశావంటే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకు. మనిషికి ఎదురుగా చెప్పడం కష్టమైతే 14416కి ఫోన్ చెయ్, అది కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్, డబ్బులు పడవు, రాత్రైనా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడతారు.

చెప్పకూడనివాళ్లు కూడా ఉన్నారు. ఆ పెళ్లిలో అన్నావిడ, మన వాట్సాప్ గ్రూపు, పాలల్లో కలుపుకుని తాగితే నెలకు ఎనిమిది కిలోలు అని పొడి డబ్బాలు అమ్మేవాళ్లు. మీ వీధిలోనూ ఒకరు ఉండే ఉంటారు, వాళ్ల దగ్గర మర్యాదగా తప్పించుకో.

తూకం వారానికి ఒకసారే, ఒకే రోజు, పొద్దున్నే. నెలసరి ముందు ఒంట్లో నీరు చేరి కిలో రెండు కిలోలు ఎక్కువ చూపిస్తుంది, ఆ వారం అసలు మిషను ఎక్కకు. నెలకోసారి బొడ్డు దగ్గర టేపు పెట్టు, మన ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలంటారు. నీ 78 కిలోల్లో నాలుగు తగ్గినా షుగరూ బీపీ రెండింటికీ తేడా తెలుస్తుంది. పెళ్లినాటి జాకెట్టు పట్టాలని లెక్క పెట్టుకోకు, అది నీకు ఇరవై రెండేళ్లు ఉన్నప్పటి జాకెట్టు.

ఈ వారమే అల్లుడితో మాట్లాడు, అత్తతో ఒకటో తారీఖు దాకా ఆగినా పర్వాలేదు. రిపోర్టులు రాగానే ఫోటో తీసి నాకు పంపు, గూగుల్‌లో చూసుకుని భయపడకు. మీ అమ్మ నిన్ననే ఫోన్ చేసి "దానికేమైంది" అని గుచ్చి గుచ్చి అడిగింది. ఏం చెప్పాలో ఏం చెప్పకూడదో నువ్వే రాసి పంపు, అప్పటిదాకా నేను నోరు విప్పను.

మీ పెద్దమ్మ