మాస్టారిని అడగండి: ఏ విద్యార్థికి ఏ దారి?

ప్లస్ టూ ఫలితాలు వచ్చిన నెల కదా, ఈసారి ఉత్తరాలన్నీ చదువుల గురించే. గుణుపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, మా బరంపురం, ఒడిశాలో మన తెలుగువాళ్ళున్న అన్ని వైపుల నుంచీ వచ్చాయి. కొన్నింటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ఒకటి మాత్రం పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

ప్రశ్న: మాస్టారూ, నేను ఒక చిన్న కాలేజీలో కామర్స్ చెబుతాను. డిగ్రీతో పాటు కమ్యూనిటీ కాలేజీ పద్ధతిలో ఒక డిప్లొమా కూడా నడుస్తోంది మా దగ్గర. ఈ ఏడాది నన్ను స్టూడెంట్ అడ్వైజర్ అన్నారు. వచ్చేవాళ్ళు ఒక రకం కాదు. ఎక్కడా సీటు రాక వచ్చినవాళ్ళు, పొద్దున పని చేసుకుని వచ్చేవాళ్ళు, పెళ్ళయిన ఆడపిల్లలు, హాస్టల్లో ఉండే సవర గిరిజన అమ్మాయిలు, మధ్యలో ఒకరిద్దరు బాగా తెలివైనవాళ్ళు. అందరికీ ఒకే ఫారం ఇచ్చి ‘నీ లక్ష్యం ఏమిటి’ అని రాయించమన్నారు. సగం మంది ఆ గడి ఖాళీగా వదిలేశారు, మిగతావాళ్ళు ‘కలెక్టర్’ అని రాశారు. నేనేం చేయాలి?
— ఒక లెక్చరర్, గజపతి జిల్లా

జవాబు: ముందు ఆ ఫారం తీసి బీరువాలో పెట్టండి. పద్దెనిమిదేళ్ళ పిల్లాణ్ణి పట్టుకుని లక్ష్యం ఏమిటని అడిగితే కలెక్టర్ అనక ఏమంటాడు, ఇంట్లో వాళ్ళు నేర్పింది అదే కదా. మీరు మూడే మూడు అడగండి. ఎన్నింటికి ఇంటి నుంచి బయల్దేరి ఎన్నింటికి చేరతావు? ఫీజు ఎవరు కడుతున్నారు? ఒకవేళ చదువు మధ్యలో ఆగిపోతే ఏ కారణంతో ఆగుతుంది? మూడోది అడగడానికి కొంచెం ఇబ్బందిగా ఉంటుంది గానీ దానికి మాత్రం పిల్లలు నిజం చెబుతారు. చెల్లెలి పెళ్ళి అంటారు, నాన్న సూరత్ నుంచి డబ్బు పంపడం ఆపేస్తే అంటారు, పెద్ద పరీక్షలో ఇంగ్లీషు పోతే అంటారు. మీ సలహా మొత్తం ఆ జవాబు మీదే కట్టాలి.

అసలు ఈ కమ్యూనిటీ కాలేజీ పెట్టిందే అలాంటివాళ్ళ కోసం. మన దేశంలో 1995లో పుదుచ్చేరిలో, 1996లో చెన్నైలో మొదలైన ఆలోచన, 2013-14 నుంచి యూజీసీ ఒక పథకంగా డబ్బిచ్చి కాలేజీల్లో పెట్టించింది. చేతిపని 60 శాతం, మామూలు సబ్జెక్టులు 40 శాతం. ఏడాది చదివితే డిప్లొమా, రెండేళ్ళు చదివితే అడ్వాన్స్‌డ్ డిప్లొమా, ఆపైన కావాలంటే బీ.వొకేషనల్ డిగ్రీ. అంటే ఏడాదికి ఆగినా చేతిలో ఒక కాగితం ఉంటుంది. ప్లస్ త్రీ (డిగ్రీ) రెండో ఏడాదిలో మానేసిన మన పిల్లల దగ్గర ఇన్నాళ్ళూ ఏమీ ఉండేది కాదు, మార్కుల లిస్టులు తప్ప. కాబట్టి ఆగిపోయే ప్రమాదం ఉన్న పిల్లల్ని ఎక్కడ ఆగినా కాగితం దొరికే దారిలో పెట్టండి, ఆగే ప్రమాదం లేనివాళ్ళని అక్కడే సర్దుకుపోనివ్వకండి. నేను చెప్పేది ఇంతే, మిగతాది మనిషిని బట్టి.

సీటు రాక వచ్చినవాళ్ళు ఒళ్ళు మీ క్లాసులో, మనసు వచ్చే ఏడాది ఎంట్రన్స్‌లో పెట్టుకుని కూర్చుంటారు. వాళ్ళకి ‘ఇది చాలా గొప్ప కోర్సు’ అని చెప్పకండి, నమ్మరు. ఇది ఎంత దూరం తీసుకెళుతుందో చెప్పండి. బీ.వొకేషనల్ కూడా డిగ్రీయే, ఏదైనా డిగ్రీ చాలు అనే పోటీ పరీక్షలకి పనికొస్తుంది, ఈ ఒక్క సంగతి తెలిసినా వాళ్ళకి సగం టెన్షన్ పోతుంది.

పని చేసుకుని వచ్చేవాళ్ళు పాఠం రాక ఫెయిలవరు, హాజరు చాలక ఫెయిలవుతారు. తెల్లారుజామున మార్కెట్లో కూరగాయల లోడు దింపి వచ్చే కుర్రాడికి తొమ్మిదింటి క్లాసు పెట్టి, 75 శాతం లేదని నవంబరులో నోటీసు ఇస్తే ఏం లాభం? ల్యాబ్‌ని మధ్యాహ్నానికి మార్పించగలరేమో చూడండి. అది కుదిరితే మీరు ఇచ్చే ఏ సలహా కన్నా అదే పెద్ద సహాయం. చేసే పనికి, చదివే కోర్సుకి సంబంధం ఉంటే, ఆ షాపు యజమానితో కూడా ఒకసారి మాట్లాడండి.

పెళ్ళయిన అమ్మాయి విషయంలో మనవాళ్ళు చేసే పని ఒకటుంది, భర్తని పిలిచి మాట్లాడతారు. ఆమె అడిగితేనే పిలవండి. ఇక పిల్లలు, కాన్పు, పరీక్ష తేదీలు, ఈ మూడూ ముందే కాలెండర్ మీద పెట్టి చూసుకోవాలి, మొహమాటపడితే ఒక సెమిస్టర్ పోతుంది.

సవర అమ్మాయిల గురించి కాస్త ఎక్కువ చెబుతాను. క్లాసులో నోరు విప్పరు, దాంతో మందబుద్ధి అనేస్తారు. వాళ్ళు ఇంట్లో సవర, బడిలో ఒడియా, సంతలో తెలుగు మాట్లాడుతూ పెరిగి ఇప్పుడు మీ ఇంగ్లీషు నోట్సు ముందు కూర్చున్నారు. నాలుగు భాషలు మోసే పిల్లని ఒక భాష తెలిసిన మనం తూకం వేస్తున్నాం. మీ జిల్లాలోనే, పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారు వందేళ్ళ పైమాటే, సొంత డబ్బుతో సవర నేర్చుకుని వాళ్ళకి బడులు పెట్టారు, నిఘంటువు కూడా కూర్చారు. మిమ్మల్ని అంత చేయమనడం లేదు, వాళ్ళలోనే ఒక సీనియర్ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడండి చాలు. ఇంకోటి, వీళ్ళు చదువు ఆపేది చాలాసార్లు స్కాలర్‌షిప్ దగ్గరే. రెన్యువల్ గడువు, బ్యాంకు ఖాతాకి ఆధార్ లింకు, ఈ రెండూ ఆగస్టులోనే మీరు కూర్చోబెట్టి చూడండి. ‘ఆఫీసులో అడుగు’ అని పంపితే ఆ పిల్ల ఆఫీసు గుమ్మం దాకా వెళ్ళి తిరిగి వచ్చేస్తుంది.

తెలివైనవాళ్ళని ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే వాళ్ళతో సమస్య ఉండదు. ఫీజు తక్కువనో, ఇంటికి దగ్గరనో మీ దగ్గర చేరిన పిల్లాడు మూడేళ్ళూ ఫస్టు వచ్చి, ఆ తర్వాత ఊళ్ళోనే ట్యూషన్లు చెప్పుకుంటూ ఉండిపోతాడు. అలాంటివాణ్ణి మీరు బయటికి తోయాలి. కోరాపుట్‌లో సెంట్రల్ యూనివర్సిటీ ఉంది, బరంపురంలో భంజ విహార్ (బరంపురం యూనివర్సిటీ) ఉంది, ఫారం మీరే తెచ్చి ఇవ్వండి. మంచి స్టూడెంట్‌ని వదులుకోవడం మీ మేనేజ్‌మెంట్‌కి నచ్చదు, తెలుసు. వాళ్ళకి చెప్పకుండా చేయండి, అంతకన్నా మర్యాదగా చెప్పడం నాకు చేతకాదు.

ఇక చేరి కనిపించకుండా పోయేవాళ్ళు. మూడో వారంలో ఫోన్ చేయండి, మూడో నెలలో చేస్తే అప్పటికే ఏ కేరళకో వెళ్ళిపోయి ఉంటాడు. మాటల్లో ఎవరైనా మరీ కుంగిపోయినట్టు కనిపిస్తే మీరే వైద్యం చేయబోకండి, మానసిక ఆరోగ్య సాయానికి ప్రభుత్వం పెట్టిన 14416 టెలిమానస్ ఫోన్ నంబరు ఉచితం, పక్కనుండి చేయించండి.

ప్రశ్న: మాస్టారు గారికి నమస్కారం. మా అమ్మాయి ప్లస్ టూ కామర్స్ మంచి మార్కులతో పాసైంది. కాలిఫోర్నియాలో ఉన్న మా ఆడపడుచు ‘వదినా, పిల్లని ఇక్కడికి పంపండి, కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళు చదివి పెద్ద యూనివర్సిటీకి మారొచ్చు, ఖర్చు సగం’ అంటోంది. ఆయనేమో కమ్యూనిటీ కాలేజీ అంటే ఐటీఐ లాంటిదని కోప్పడుతున్నారు. ఎవరి మాట నిజం?
— ఒక తల్లి, బరంపురం

జవాబు: అమ్మా, మీ ఆడపడుచు చెప్పింది నిజమే, ‘సగం’ అనే మాట దగ్గర మాత్రం జాగ్రత్త. అక్కడి కమ్యూనిటీ కాలేజీ మన దగ్గర ఉన్నది కాదు. 1901లో ఇల్లినాయ్ రాష్ట్రం జోలియట్‌లో మొదలైన పద్ధతి అది, డిగ్రీలో మొదటి రెండేళ్ళ చదువు అక్కడ పూర్తి చేసి మిగతా రెండేళ్ళకి యూనివర్సిటీకి మారతారు. చేతిపనులూ నేర్పుతారు, కాబట్టి మీ వారిది పూర్తి తప్పూ కాదు. ఇంట్లో ఆ మాట చెప్పండి, శాంతిస్తారు.

తక్కువ ఫీజు అక్కడి స్థానికులకి. విదేశీ విద్యార్థికి దానికి ఎన్నో రెట్లు వేస్తారు, పైగా అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఫీజు సాయం వీళ్ళకి రాదు. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉంటే సెమిస్టర్‌కి కనీసం 12 యూనిట్లు, అంటే క్రెడిట్లు, చదవాలి, క్లాసులు నడిచే రోజుల్లో కాలేజీ లోపల వారానికి 20 గంటలకి మించి పని చేయకూడదు. తెలిసినవాళ్ళ హోటల్లో గప్‌చుప్‌గా చేయొచ్చని ఎవరైనా చెబితే వినొద్దు, వీసా పోతుంది.

అసలు విషయం అడ్వైజింగ్‌ది. చదివిన ప్రతి సబ్జెక్టునీ యూనివర్సిటీ లెక్కలోకి తీసుకోదు. ఏ కాలేజీ సబ్జెక్టు ఏ యూనివర్సిటీలో చెల్లుతుందో చూసుకోవడానికి కాలిఫోర్నియాలో అసిస్ట్ అనే వెబ్‌సైట్ ఉంది. అక్కడి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో డేవిస్, అర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, ఈ ఆరు క్యాంపస్‌లు, ముందుగా ఒప్పుకున్న సబ్జెక్టులు, మార్కులు తెచ్చుకుంటే సీటు ఇస్తామని హామీ ఇస్తాయి. ఒక్క క్యాంపస్‌నే ఎంచుకోవాలి, దరఖాస్తు సెప్టెంబరులో. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియేగో ఈ హామీలో లేవు, మన బంధువులకి నోరు తిరిగే పేర్లన్నీ అవే. అమ్మాయి చేరిన మొదటి నెలలోనే కౌన్సెలర్‌ని కలిసి రెండేళ్ళ ప్లాన్ రాయించుకోవాలి. చాలామంది అత్తయ్య కొడుకుని అడిగి సబ్జెక్టులు పెట్టుకుని మూడో ఏడాది కూడా అక్కడే ఉండిపోతారు. మేనత్త ఇంటి నుంచి కాలేజీకి బస్సు ఉందో లేదో కూడా కనుక్కోండి, అక్కడ చాలా కాలేజీలకి హాస్టల్ ఉండదు.

ప్రశ్న: మెట్రిక్ తర్వాత ప్లస్ టూ మొదటి ఏడాదిలో ఉండగా నాకు పెళ్ళి చేశారు. ఇద్దరు పిల్లలు, చిన్నది ఇప్పుడు బడికి వెళుతోంది. డిగ్రీ చదవాలని ఉంది. రోజూ కాలేజీకి వెళ్ళడం కుదరదు. ఇంత వయసులో ఏమిటి అంటారేమో.
— గుణుపురం నుంచి ఒక గృహిణి

జవాబు: అనేవాళ్ళు అంటూనే ఉంటారమ్మా, వాళ్ళకి ఫారం నింపే పని ఉండదు కదా. మీకు రెండు మెట్లు. మొదటిది ఓపెన్ స్కూల్, అంటే ఎన్‌ఐఓఎస్‌లో పన్నెండో తరగతి. ఐదు సబ్జెక్టులు పాసవ్వాలి, అన్నీ ఒకేసారి రాయక్కర్లేదు. ఏడాదికి రెండుసార్లు పరీక్షలు, ఒకసారి చేరితే ఐదేళ్ళు గడువు. మీకు వచ్చినవి రెండు ముందు రాసేయండి, అవి పాసైతే మిగతా మూడింటికి ధైర్యం వస్తుంది. రెండో మెట్టు ఇగ్నో (దూరవిద్య యూనివర్సిటీ) బీఏ. మూడేళ్ళలో అవ్వచ్చు, ఆరేళ్ళ దాకా టైం ఉంటుంది. కోరాపుట్‌లో వాళ్ళ ప్రాంతీయ కేంద్రం ఉంది, జనవరిలో, జూలైలో చేర్చుకుంటారు. ఇగ్నోలో చదువు కన్నా అసైన్‌మెంట్ల దగ్గర తప్పిపోయేవాళ్ళు ఎక్కువ, పరీక్షకి ముందే అవి రాసి ఇచ్చి రసీదు దాచుకోండి. పిల్లలు హోంవర్కు చేసే గంటలో మీరూ పక్కనే కూర్చోండి, ఇంట్లో ఎవరినీ ప్రత్యేకంగా అనుమతి అడగక్కర్లేదు.

ప్రశ్న: మావాడికి ప్లస్ టూ సైన్స్‌లో 88 శాతం. విశాఖలో ఇంజనీరింగ్ చదివిద్దామని ఉంది. మేం తెలుగువాళ్ళమే, మా అమ్మగారిది ఇచ్ఛాపురం. అక్కడ లోకల్ కోటా వస్తుందా?
— ఒక తండ్రి, ఛత్రపురం

జవాబు: రాదు బాబూ. లోకల్ అంటే భాష కాదు, చదివిన చోటు. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన ఉత్తర్వు ప్రకారం 85 శాతం సీట్లు అక్కడే చదివిన స్థానికులకి. మీవాడి చదువంతా ఒడిశాలో, కాబట్టి నాన్-లోకల్. మిగతా 15 శాతానికీ షరతులు ఉంటాయి, ఆ ఏడాది నోటిఫికేషన్ చూడకుండా కోచింగ్‌కి డబ్బు కట్టకండి. మీ ఒడిశా కుల ధృవీకరణ పత్రం ఆంధ్రా రిజర్వేషన్‌కి చెల్లదు, మీ అమ్మగారి ఊరు చూపించినా చెల్లదు. ఏజెంట్లు ‘నేను చూసుకుంటా’ అంటారు, వాళ్ళు చూసుకునేది మీ జేబుని. జేఈఈ మెయిన్ ర్యాంకుతో ఓజేఈఈ (ఒడిశా ఇంజనీరింగ్ సీట్ల) కౌన్సెలింగ్‌కి వెళ్ళండి, అక్కడ మీవాడు సొంత రాష్ట్రం పిల్లాడు. తహసీల్ ఆఫీసు నుంచి రెసిడెంట్ సర్టిఫికెట్ ఇప్పుడే తీసుకోండి, కౌన్సెలింగ్ వారంలో అక్కడ నిలబడటానికి చోటుండదు.

ప్రశ్న: ప్లస్ త్రీ రెండో ఏడాది, నాలుగు బ్యాక్ పేపర్లు. మానేసి ఐటీఐ ఎలక్ట్రీషియన్‌లో చేరతానంటే నాన్న మాట్లాడటం మానేశారు. చేతిపని అంటే నాకు ఇష్టం.
— బరంపురం కుర్రాడు

జవాబు: చేరు. బరంపురం ఐటీఐ పేరున్నదే, మెట్రిక్ మీద సీటు ఇస్తారు, రెండేళ్ళు. అది పాసైతే డిప్లొమా రెండో ఏడాదిలో నేరుగా చేరొచ్చు, డిప్లొమా తర్వాత బీటెక్ రెండో ఏడాదిలో, అంటే నాన్న అనుకునే ఇంజనీరింగ్‌కి కూడా దారి ఉంది, ఆ కాగితం ఆయన ముందు పెట్టు. కాలేజీ వదిలే ముందు పాసైన పేపర్ల క్రెడిట్లు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో (క్రెడిట్లు దాచే ఆన్‌లైన్ ఖాతాలో) పడ్డాయో లేదో చూసుకో, ఏడేళ్ళ వరకు ఉంటాయి. టీసీ, ఒరిజినల్ మెట్రిక్ సర్టిఫికెట్ తీసుకోకుండా మాత్రం బయటికి రాకు.