రూమ్మేట్ మీద కేసు వెయ్యడానికి క్యాంపస్ లాయర్ సాయం చేస్తారా?

నలుగురు కలిసి సంతకం పెట్టిన లీజు, ఒకతను మధ్యలో ఖాళీ చేసి వెళ్ళిపోయాడు, మిగిలిన అద్దె ఇవ్వనంటున్నాడు, అతనూ మీ యూనివర్సిటీయే. క్యాంపస్‌లో స్టూడెంట్ లీగల్ సర్వీసెస్ లాయర్ ఉచితమే కదా, అతని మీద కేసు వేస్తారా అని కదా తమ్ముడూ నీ ప్రశ్న?

చాలాచోట్ల వెయ్యరు. ఆ ఆఫీసు నడిచేది మనందరం కట్టే స్టూడెంట్ ఫీజుతో. నువ్వెంత క్లయింటువో అతనూ అంతే.

నేను టెక్సస్‌లో ఎమ్మెస్ చేసేటప్పుడు అచ్చం ఇదే గొడవ. లీజు కాపీ, వాట్సాప్ స్క్రీన్‌షాట్లు అన్నీ ప్రింట్ తీసుకుని ఫైల్ పట్టుకుని వెళ్ళాను. కౌంటర్ దగ్గర ఉన్నావిడ ఒక కాగితం ఇచ్చింది. అందులో మొదటి ప్రశ్నే అవతలి పార్టీ ఎవరని. మావాడి పేరు రాసి, ఆ వెంటనే కథ మొదలెట్టబోయాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి, "ఇంకేమీ చెప్పకండి" అంది. లోపలికెళ్ళి రెండు నిమిషాల్లో తిరిగొచ్చి, కాన్‌ఫ్లిక్ట్ (అంటే ఇద్దరు క్లయింట్ల ప్రయోజనాలు ఢీకొనడం) ఉంది, మీకు సాయం చెయ్యలేం, బయటి లాయర్ని చూసుకోండి అంటూ ఒక ఫోన్ నంబర్ల కాగితం చేతిలో పెట్టింది. ఎందుకని అడిగితే చెప్పలేమంది. ఒళ్ళు మండిపోయింది. ఫీజు కట్టించుకునేటప్పుడు లేని కాన్‌ఫ్లిక్ట్ ఇప్పుడెక్కడిది అని రూమ్‌కొచ్చి ఒకటే తిట్టడం.

అసలు సంగతి నెల తర్వాత మావాడే చెప్పాడు. నాకంటే రెండు రోజుల ముందే వెళ్ళి అదే ఆఫీసులో సలహా తీసుకున్నాడట! అతను వచ్చాడన్న ముక్క కూడా వాళ్ళు నాకు చెప్పకూడదు, అది అతని రహస్యం. ఆ లాయర్ కాకపోతే పక్క గది లాయర్ అనడానికీ వీల్లేదు. టెక్సస్ లాయర్ల నియమావళిలో 1.06 రూల్ ప్రకారం ఒకరికి అడ్డమైంది ఆ ఆఫీసు మొత్తానికీ అడ్డమే. మన ఊళ్ళో ప్లీడరు గారు ఇద్దరినీ అరుగు మీద కూర్చోబెట్టి రాజీ చేసేస్తారు కాబట్టి మనకిది వింతగా ఉంటుంది. నిజానికి ఒక పక్షానికి సలహా ఇచ్చినాయన అదే వ్యవహారంలో ఎదుటి పక్షానికి వకాల్తా పుచ్చుకోకూడదని మన బార్ కౌన్సిల్ నియమాల్లోనూ ఉంది.

యూనివర్సిటీ మీద కేసైతే అసలు అడగొద్దు. జీతమిచ్చే సంస్థ మీదకి ఆ లాయర్ని తీసుకెళ్ళడం మామూలుగా కుదరదు. ఇంకొకటి, డీఎస్ఓ, అంటే విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే యూనివర్సిటీ అధికారి, నీ లాయర్ కాదు. ఎంత ఆప్యాయంగా మాట్లాడినా, వీసా విషయాలు సెవిస్ అనే అమెరికా ప్రభుత్వ రికార్డులో రిపోర్ట్ చెయ్యాల్సిన యూనివర్సిటీ ఉద్యోగి. అక్కడ కూర్చుని మనసు విప్పేముందు ఒకసారి ఆలోచించుకో.

మిగిలిన ముగ్గురం ఒకటే కదా, ముగ్గురం కలిసి ఒక లాయర్ దగ్గరికెళ్తాం అని కూడా అనుకుంటావు. మేమూ అనుకున్నాం. స్టేట్ బార్ (రాష్ట్ర లాయర్ల సంస్థ) రిఫరల్ ద్వారా ఒక లాయర్‌తో 20 డాలర్లకి అరగంట మాట్లాడితే, ఆయన ముందే అడిగాడు: హాల్లో గోడకి పడిన రంధ్రం ఎవరు చేశారు? ముగ్గురం మొహాలు చూసుకున్నాం. అపార్ట్‌మెంట్ వాళ్ళు డిపాజిట్‌లో దానికి కోత పెడితే, ఆ నష్టం ఎవరు భరించాలన్న దగ్గర ముగ్గురి దారులూ వేరే. అప్పుడు తను ముగ్గురి తరఫునా ఉండలేనన్నాడు. ఒకరు చెప్పింది మిగతా ఇద్దరి దగ్గర దాచననీ చెప్పాడు. చివరికి నేనొక్కడినే ఆయన క్లయింట్‌నయ్యాను.

లీజులో నలుగురూ కలిసీ విడివిడిగానూ బాధ్యులని ఉంటే అపార్ట్‌మెంట్ వాళ్ళు మొత్తం అద్దె ఎవరి దగ్గరైనా వసూలు చెయ్యొచ్చు. నేను ముందు కట్టేసి, మావాడికి లెక్కలతో ఉత్తరం పంపాను. ఇవ్వకపోతే జస్టిస్ కోర్టుకి, అంటే చిన్న మొత్తాల దావాలు చూసే కోర్టుకి, వెళ్తానని రాశాను. టెక్సస్‌లో 20,000 డాలర్ల దాకా అక్కడ లాయర్ లేకుండానే వేసుకోవచ్చు. కోర్టు దాకా పోలేదు, రెండు విడతల్లో జెల్‌లో (ఫోన్ నుంచి నేరుగా బ్యాంకు ఖాతాకి) డబ్బు పంపేశాడు.

నువ్వు ఈరోజే మీ క్యాంపస్ ఆఫీసుకి ఫోన్ చెయ్యి. ముందు నీ పేరు, అతని పేరు, అపార్ట్‌మెంట్ పేరు మాత్రమే చెప్పు. కుదురుతుందన్నాకే కథ చెప్పు. కుదరదంటే కారణం అడిగి ఆవిడతో గొడవ పడకు, ఫోన్ నంబర్ల కాగితం మాత్రం అడిగి తీసుకో.