వారంటీ దాటిన కారుకు ఇంజిన్ ఆయిల్ ఎక్కడ మార్పించుకోవాలి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా: మీది 2019లో కొన్న పెట్రోల్ స్విఫ్ట్, 52 వేల కిలోమీటర్లు తిరిగింది, వారంటీ గడువు దాటింది. కంపెనీ సర్వీస్ సెంటర్ వారు ఈసారి సర్వీసుకు 7,800 రూపాయలు అవుతుందన్నారు. మీ వీధి చివరి మెకానిక్ ఆయిలు, ఫిల్టరు కలిపి 2,600కు మారుస్తానంటున్నాడు గానీ, మాన్యువల్‌లో 0డబ్ల్యూ-20 అనే పల్చటి గ్రేడు ఆయిల్ అని ఉంటే ఆయన చిక్కటి 20డబ్ల్యూ-40 పోద్దామంటున్నాడు. ఇంటికే వచ్చి మార్చే యాప్ వాళ్ల సంగతి కూడా అడిగారు. నేను విజయవాడలో ఉండే రిటైర్డ్ లెక్కల మాస్టారిని. మాదీ పెట్రోల్ స్విఫ్టే, కొని పదేళ్లు దాటింది. మీరు చెప్పిన మూడు రకాల చోట్లా (కంపెనీ సెంటర్, బయటి షెడ్డు, యాప్) ఆయిల్ మార్పించాను, రెండు చోట్ల దెబ్బ తిన్నాను. కాబట్టి చెబుతున్నది పుస్తక జ్ఞానం మాత్రం కాదు.

మొదట నా తీర్పు చెప్పేస్తాను. పాత ఆయిలు దిగేటప్పుడు, కొత్త క్యాన్ మూత తీసేటప్పుడు మిమ్మల్ని బండి పక్కన నిలబడనిచ్చే చోటికి వెళ్లండి. అది కంపెనీ సర్వీస్ సెంటరయినా సరే, రేకుల షెడ్డయినా సరే. నిలబడనివ్వని చోట ధర ఎంత తక్కువైనా, గది ఎంత చల్లగా ఉన్నా నేను బండి ఇవ్వను.

ఇక ఆ 7,800 సంగతి. ఆ మొత్తాన్ని 2,600తో పోల్చడం సరికాదు, ఎందుకంటే రెండూ ఒకే పనికి అడిగిన ధరలు కావు. ఆయిలు, ఫిల్టరు, డ్రెయిన్ బోల్టు (పాత ఆయిల్ దింపడానికి ఇంజిన్ అడుగున విప్పే బోల్టు) వాషరు, లేబరు కలిపితే కంపెనీ సర్వీస్ సెంటర్‌లో కూడా అందులో సగం దాటడం అరుదు. మిగతాది ఇంజిన్ ఫ్లష్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్, ఏసీ క్రిమి సంహారక స్ప్రే, వీల్ అలైన్‌మెంట్, లోపలి పాలిష్ వంటి పద్దుల వల్ల పెరిగి ఉంటుంది. అడ్వైజర్ జాబ్ కార్డు రాసేటప్పుడే పద్దు పద్దుగా అంచనా అడిగి, మాన్యువల్‌లోని సర్వీసు పట్టికలో ఆ కిలోమీటర్ల దగ్గర లేనివన్నీ కొట్టేయించండి. నేను మొదటిసారి అలా అడిగినప్పుడు ఆ అబ్బాయి కాస్త చిన్నబుచ్చుకున్నా, ఆరు పద్దులు మారు మాట లేకుండా తీసేశాడు. అవి అవసరమైనవే అయితే అంత తేలిగ్గా తీసేసేవాడా?

అక్కడ నాకు జరిగిన ఇబ్బంది వేరు. ఒక సర్వీస్ సెంటర్‌లో (పేరు అనవసరం) కస్టమర్లను అద్దాల గది దాటనివ్వరు. సాయంత్రం బండి తెచ్చుకుని, మర్నాడు ఉదయం చల్లారిన ఇంజిన్‌లో డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే గీతల కడ్డీ) తీసి చూస్తే, ఆయిలు పై గీతకు బొటనవేలి మందం ఎత్తున ఉంది. బిల్లులో 4 లీటర్లు అని ఉంది, మాన్యువల్ ప్రకారం మా బండికి అంత పట్టదు. ఎక్కువైతే మంచిదేగా అనుకునేవారు చాలామంది ఉన్నారు గానీ అది పొరపాటు. మట్టం పెరిగితే కింద తిరిగే క్రాంక్ షాఫ్ట్ ఆ ఆయిల్‌ను కవ్వంతో చిలికినట్టు చిలికి నురగ చేస్తుంది. నురగలో గాలి ఉంటుంది కాబట్టి పంపు నుంచి బేరింగులకు అందవలసిన ప్రెషర్ తగ్గుతుంది, సీళ్ల దగ్గర లీకులు కూడా మొదలు కావచ్చు. తిరిగి తీసుకువెళితే పైపు పెట్టి లాగేశారు, తప్పు ఒప్పుకున్నారు కూడా. కానీ ఆయిల్ బ్యారెల్ నుంచి గన్‌తో పోస్తారు కాబట్టి గన్ రీడింగ్ ఎంత చూపిస్తే అంత బిల్లు అన్నారు తప్ప, తీసేసిన ఆయిల్ డబ్బు మాత్రం ఇవ్వలేదు. నేను గుమ్మం దగ్గర నిలబడి ఉంటే గన్ రీడింగ్ నాకూ కనబడేది.

అయితే వారంటీ ఉన్న బండికి మాత్రం నా సలహా కంపెనీ సర్వీస్ సెంటరే. వ్యాపారాల్లో పోటీ సజావుగా ఉందా అని చూసే కేంద్ర సంస్థ కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీల మీద ఇచ్చిన ఉత్తర్వులో, బయటి గ్యారేజీకి వెళ్లినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు అనే షరతు పెట్టకూడదనీ, బయట జరిగిన లోపభూయిష్టమైన పనివల్ల పాడైనంత మేరకే నిరాకరించవచ్చుననీ చెప్పింది. ఆ వ్యవహారం ఆ తర్వాత అప్పీళ్లలోకి వెళ్లింది. న్యాయం మన వైపు ఉన్నా, ఇంజిన్ చెడినప్పుడు అది బయటి ఆయిల్ వల్ల కాదని నిరూపించే తలనొప్పి మనదే అవుతుంది కాబట్టి, ఏడాదికి రెండు మూడు వేల తేడా కోసం ఆ తగాదా పెట్టుకోవడం నాకు లాభసాటిగా తోచదు. మీకు ఆ బాధ ఎలాగూ లేదు. మరో రెండేళ్లలో బండి అమ్మే ఆలోచన ఉంటే మాత్రం, కంపెనీ రికార్డులో వరుసగా సర్వీసులు కనబడటం బేరంలో కాస్త పనికొస్తుంది.

రెండో దెబ్బ ఒక పెట్రోల్ బంకు పక్కన, 20 నిమిషాల్లో ఆయిల్ మార్పు అని బోర్డు పెట్టిన చోట తగిలింది. నన్ను పక్కన నిలబడనిచ్చారు గానీ, నాకే ఏం చూడాలో తెలియదు. కుర్రాడు చురుగ్గా పాత ఆయిల్ దింపాడు, డ్రెయిన్ బోల్టును చేత్తో ఒకటి రెండు చుట్లు కూడా ఎక్కించకుండా నేరుగా గాలి గన్ను పెట్టి బిగించేశాడు. గన్ను చప్పుడు చివర్లో ఒకసారి తేలికపడినట్టు అనిపించింది. అప్పుడు అర్థం కాలేదు గానీ, ఆ క్షణంలోనే ఛాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) బెజ్జంలో త్రెడ్ పోయింది. పాత వాషరునే మళ్లీ వేశాడు కూడా. మూడో రోజుకు మా పార్కింగ్ గచ్చు మీద రూపాయి బిళ్లంత మరక కనిపించింది. అట్ట ముక్క పరిచి చూస్తే రాత్రికి ఆరేడు చుక్కలు. వాళ్లను అడిగితే బండి పాతది కదా సార్ అన్నారు. నిజమే, బండి పాతదే. బోల్టు మాత్రం అంతకు ముందు వారం దాకా కారలేదు.

ఆ చుక్కలే నన్ను జవహర్ ఆటోనగర్‌కు తీసుకువెళ్లాయి. తెలియనివారి కోసం చెబుతున్నాను: అది లారీల బాడీలు కట్టేవారు, లేత్ షాపులు, రేడియేటర్ పనివారు, స్ప్రింగు పట్టీలు కొట్టేవారు, స్పేర్ పార్టుల దుకాణాలు వీధుల కొద్దీ ఉన్న పేట. కారు పని తెలిసిన ఒక మేస్త్రి బోల్టు తీసి, దాని త్రెడ్ మధ్య ఇరుక్కున్న లోహపు పీచును గోటితో లాగి చూపించాడు. ‘ఇది బోల్టుది కాదు మాస్టారూ, ఛాంబర్‌ది’ అన్నాడు. ఛాంబర్ మొత్తం మార్చక్కర్లేదని చెప్పి, దాన్ని కిందికి దించి, బెజ్జానికి ఒక సైజు పెద్ద ట్యాప్ కొట్టి (అంటే కొత్త త్రెడ్ కోసి), లేత్ షాపులో దానికి సరిపడే బోల్టు చేయించి బిగించాడు. ట్యాప్ కొట్టగా రాలిన రజను లోపల మిగిలిపోతే ఇంజిన్‌కే ముప్పు కాబట్టి ఛాంబర్‌ను డీజిల్‌తో రెండుసార్లు కడిగాడు. మధ్యాహ్నం వరకూ పట్టింది. మొత్తం 1,900 అయింది. నాలుగేళ్లయినా ఇప్పటికీ ఒక్క చుక్క లేదు.

అప్పటి నుంచీ ఆయిల్ మార్పు ఆయన దగ్గరే. ఆయన చేసే తీరు చూశాకే ఏం చూడాలో నాకు తెలిసింది. వెళ్లగానే ఇంజిన్‌ను నాలుగైదు నిమిషాలు నడిపిస్తాడు, వేడికి ఆయిలు పల్చబడి అడుగున పేరుకున్న మడ్డి కూడా దానితో పాటు దిగుతుందని. బోల్టు తీశాక, తైలధార తెగి చుక్కలు పడే వరకూ పని ముట్టుకోడు. ఆ పది నిమిషాల్లో టీ వస్తుంది. ఫిల్టరు విప్పాక దాని రబ్బరు రింగు ఫిల్టరుతో పాటే వచ్చిందా, ఇంజిన్‌కు అంటుకుపోయిందా అని వేలితో తడిమి చూస్తాడు. పాత రింగు మీద కొత్త రింగు కూర్చుంటే కారు కదలగానే ఆయిలంతా రోడ్డు పాలవుతుంది. కొత్త ఫిల్టరు రింగుకు వేలితో కాస్త ఆయిల్ రాసి, చేత్తోనే తిప్పి, రింగు ఆనిన తర్వాత ముప్పాతిక చుట్టు బిగిస్తాడు. రెంచి ముట్టుకోడు. బోల్టుకు ప్రతిసారీ కొత్త వాషరు వేస్తాడు. పాతిక రూపాయలు చేయని ఆ వాషరు అడగకుండా వేసేవాడిని నమ్మవచ్చునన్నది నా లెక్క. చివరికి కాస్త తక్కువగా పోసి, ఇంజిన్‌ను ఒక నిమిషం నడిపి ఆపి, ఐదు నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ చూసి, రెండు గీతల మధ్య పై భాగానికి వచ్చేలా కొద్దికొద్దిగా కలుపుతాడు. క్యాన్‌లో మిగిలింది మూత పెట్టి నా డిక్కీలో పెట్టేస్తాడు.

ఆయిల్ మాత్రం ఆయన దగ్గర కొనను, ఆయన కూడా ఏమీ అనుకోడు. కంపెనీ స్పేర్ పార్టుల దుకాణంలోనో, ఆయిల్ కంపెనీ అధీకృత డీలరు దగ్గరో బిల్లుతో కొని తీసుకువెళతాను. కిందటిసారి 3.5 లీటర్ల క్యాన్, ఫిల్టరు, వాషరు కలిపి రెండు వేల పైచిలుకు, లేబరు 300 అయింది. మన దగ్గర పేరున్న బ్రాండ్ల ఖాళీ క్యాన్‌లను కొనుక్కుపోయి నకిలీ ఆయిల్ నింపి అమ్మేవారు ఉన్నారు. అందువల్ల మూత కింది సీలు మీ ముందు తెగాలి, తయారీ తేదీ, బ్యాచ్ నంబరు క్యాన్ మీద చెరగకుండా ఉండాలి. ఖాళీ అయ్యాక క్యాన్ మెడ దగ్గర కోయించండి. మా మేస్త్రి అడగకముందే హాక్సా బ్లేడు పెట్టేస్తాడు.

ఇప్పుడు మీ మెకానిక్ చెప్పిన 20డబ్ల్యూ-40 గురించి. మన ఎండలకు పల్చటి ఆయిల్ ఆగదు అనే మాట బెజవాడలోనూ ప్రతి రెండో షెడ్డులో వినబడుతుంది. వినడానికి సబబుగానే ఉంటుంది కూడా. కానీ ఆ అంకెల్లో రెండోది 100 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర కొలిచిన చిక్కదనాన్ని బట్టి ఇచ్చేది. నడుస్తున్న ఇంజిన్‌లో ఆయిల్ ఎండాకాలమైనా శీతాకాలమైనా దాదాపు ఆ వేడి దగ్గరే ఉంటుంది కాబట్టి, బయట 45 డిగ్రీలుందా 25 ఉందా అన్నది పెద్ద తేడా తీసుకురాదు. మొదటి అంకె చల్లగా ఉన్నప్పుడు ఎంత సులువుగా పారుతుందో చెబుతుంది. మీ ఇంజిన్‌లో వాల్వ్ టైమింగును ఆయిల్ ప్రెషర్‌తోనే మార్చే ఏర్పాటు ఉంది. దానికి వెళ్లే దారులు సన్నటివి. వాటిని పల్చటి ఆయిల్‌కు తగ్గట్టుగానే చేశారు. చిక్కటి ఆయిల్ పోస్తే ఇంజిన్ ఆ రోజే ఆగిపోదు గానీ, ఉదయం స్టార్ట్ చేసినప్పుడు పై భాగాలకు ఆయిల్ అందడం ఆలస్యమవుతుంది, మైలేజీ కూడా కాస్త తగ్గుతుంది. 0డబ్ల్యూ-20 మీరే తెచ్చిస్తే ఆ మెకానిక్ పోస్తాడేమో అడగండి. పోస్తానంటే ఆయనను తీసిపారేయవద్దు. చాలామంది మంచి పనివాళ్లు పాత ఇంజిన్ల మీద నేర్చుకున్న మాటనే పట్టుకుని ఉంటారు. చేతిపని బాగుంటే గ్రేడు మనమే సరిచేసుకోవచ్చు. మీ మాట వినకుండా 20డబ్ల్యూ-40 పోస్తేనే చేస్తానంటే మాత్రం వచ్చేయండి.

యాప్ ద్వారా ఇంటికి వచ్చేవారితో నాకున్నది ఒక్క అనుభవమే. వాళ్లు మా పార్కింగ్‌లోనే, డిప్‌స్టిక్ గొట్టంలో నుంచి సన్నటి పైపు దింపి మిషనుతో పాత ఆయిల్ లాగేశారు. కింద బోల్టు ముట్టుకోరు కాబట్టి త్రెడ్ పోయే భయం లేదు, అదొక మేలు. అయితే అడుగున ఉన్న మడ్డి ఎంత వచ్చిందో చెప్పలేం, ఫిల్టరు మాత్రం ఎలాగూ కిందికి దూరే మార్చాలి. క్యాన్ మీ ముందే తెరుస్తారు, అదీ బాగానే ఉంది. పెద్దవాళ్లున్న ఇంట్లో, బయటికి వెళ్లే తీరిక లేనివారికి ఒక ఏడాది ఇలా చేయించుకున్నా తప్పు లేదు గానీ, మరుసటి ఏడాది బోల్టు తీయించండి. సొంతంగా మార్చుకోవడం కష్టం కాదు, అయితే ఆ మూడు లీటర్ల పాత ఆయిల్‌ను ఎక్కడ పోస్తారు? అది చట్టం ప్రకారం ప్రమాదకర వ్యర్థం, డ్రైనేజీలో పోయకూడదు. మా పేటలో సెంట్రింగ్ పలకలకు పూయడానికి అడిగి పట్టుకుపోతారు, అదీ సరైన దారి కాదు. అనుమతి ఉన్న రీసైక్లింగు వారికి పోసే ఏర్పాటు ఉందో లేదో మెకానిక్‌ను కూడా ఒక మాట అడగండి.

మీ విషయంలో నేనైతే ఇలా చేస్తాను. ఒక క్యాన్, ఫిల్టరు, వాషరు బిల్లుతో కొని, పని రద్దీ తక్కువగా ఉండే ఉదయం పూట మీ వీధి మెకానిక్ దగ్గరకే వెళతాను. బోల్టును ముందు చేత్తో ఎక్కిస్తాడా, నేరుగా గన్ను పెడతాడా అన్నది చూస్తాను. గన్ను పట్టుకుంటే అక్కడికక్కడే ఆపమంటాను, మొహమాటపడను. ఇంటికి వచ్చాక రాత్రి బండి కింద తెల్లటి అట్ట ముక్క పరిచి, ఉదయం డిప్‌స్టిక్ చూసి, తేదీ, కిలోమీటరు రీడింగు సర్వీసు పుస్తకంలో రాసుకుంటాను. మీరు ఏడాదికి 10 వేలు తిరగకపోయినా సరే, 12 నెలలకు మళ్లీ మార్పించండి. బెంజ్ సర్కిల్ వంటి చోట్ల ఆగి ఆగి వెళ్లే చిన్న ప్రయాణాల్లో ఇంజిన్ పూర్తిగా వేడెక్కక, తేమా పెట్రోలూ ఆయిల్‌లోనే మిగిలిపోతాయి. అట్ట మీద ఒక్క చుక్క పడినా వారం ఆగకుండా అదే రోజు వెనక్కి తీసుకువెళ్లండి, అట్ట ముక్కను కూడా పట్టుకెళ్లండి.