పాత ఊళ్ళోని మందిరం అమ్మేసి కాలనీకి మారిపోవాలా?

వందనాలు. మీ చర్చి మందిరం విజయనగరం కోట దగ్గర ఉందని, సభ్యులు సగంమంది కాలనీలకు వెళ్ళిపోయారని, స్థలం అమ్మి ఊరి బయట కట్టుకుందామని కమిటీ అంటోందని రాశారు. పదకొండేళ్ళ కిందట మా సంఘంలోనూ ఇదే మాట లేచింది. అప్పట్లో నేను స్త్రీల సమాజం కార్యదర్శిని. మేం అమ్మలేదు. మీరు కూడా అమ్మొద్దనే నా మనవి.

మా వీధి మారిన తీరు మీకు తెలిసినదే. జూట్ మిల్లులు మూతపడ్డాయి, చదువుకున్న పిల్లలు విశాఖ, హైదరాబాదు పోయారు. భోగాపురం ఎయిర్‌పోర్టు మాట మొదలయ్యాక స్థలాల రేట్లు పెరిగి, పెంకుటిళ్ళు పడగొట్టి గోదాములు కట్టారు. మిగిలిన ఇళ్ళలో ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం అద్దెకు దిగింది. పళ్ళ బళ్ళవాళ్ళు, మున్సిపాలిటీలో ఊడ్చేవాళ్ళు, పల్లెల నుంచి వచ్చిన తాపీ కూలీలు. వాళ్ళ గుమ్మాల ముందు నుంచే మేం ఆదివారం ఆటోల్లో వచ్చి, ఆటోల్లో వెళ్ళేవాళ్ళం. ఒక్కరి పేరు కూడా మాకు తెలియదు.

ఆ ఏడు సెమీ క్రిస్మస్‌కి, అంటే క్రిస్మస్ ముందు జరుపుకునే వేడుకకి, ఆ ఇళ్ళవాళ్ళకి నలభై దుప్పట్లు పంచాం. జనవరిలో నేను ఒక్కదాన్నే ఆ ఇళ్ళకు వెళ్ళాను. రెల్లి వీధిలో ఒకావిడ, రోడ్లు ఊడ్చే మనిషి, కూర్చోబెట్టి టీ ఇచ్చింది. దుప్పటి బాగుందా అని అడిగాను. "దుప్పటి నేకపోతే సలికి సచ్చిపోతామేటమ్మా? తెల్లారగట్ల పనికెల్తే పిల్లని సూసీవోలు నేరు" అంది. మూడేళ్ళ పిల్లని గదిలో పెట్టి గొళ్ళెం వేసుకుని వెళ్తోందట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా సండే స్కూలు గది వారానికి ఆరు రోజులు తాళం వేసే ఉండేది. ఫిబ్రవరిలో దాన్ని తెరిచాం. తెల్లవారుజామున 4.30 నుంచి 10 దాకా, సంఘంలోని ఇద్దరు విధవరాళ్ళు పిల్లల్ని చూసుకునేవారు. వాళ్ళ జీతాలకి, పాలకి, రవ్వకి మొదట్లో నెలకు 7,000 రూపాయలు అయ్యేది. కానుకల్లోంచే ఇచ్చాం. మొదటి వారం ముగ్గురు పిల్లలు, వేసవికల్లా పందొమ్మిది మంది.

ఆ గదికి పిల్లని పంపినందుకు ఏ తల్లినీ ప్రార్థనకు రమ్మని అడగకూడదని కమిటీ పుస్తకంలో రాయించాను. దీనికి పెద్ద గొడవే అయింది. "మరి ఇది సువార్త ఎలా అవుతుంది?" అని ఒక పెద్దాయన నిలదీశారు. లూకా 17వ అధ్యాయంలో పదిమంది కుష్ఠురోగులు బాగుపడితే తిరిగొచ్చింది ఒక్కడే. మిగతా తొమ్మిదిమంది స్వస్థత ప్రభువు వెనక్కి తీసుకోలేదు కదండీ అన్నాను. మన ప్రాంతంలో మిషన్ వాళ్ళు చేసిందీ అదే. సాలూరు ఫిలదెల్ఫియా ఆసుపత్రిలో కుష్ఠు పుండ్లు కడిగినవాళ్ళు ముందు మతం అడిగి కడగలేదు.

అడగకపోయినా కొందరు తల్లులు ఆరాధనకు వచ్చారు. అసలు కష్టం అప్పుడు మొదలైంది. ముందు బల్లలు ఖాళీగా ఉన్నా వాళ్ళు వెనక చాప మీద కూర్చునేవారు. ఎవరూ కూర్చోమనలేదు, ఎవరూ లేవమనలేదు. ప్రభురాత్రి భోజనం రోజున అందరూ పంచుకునే ద్రాక్షరసం గిన్నె వాళ్ళ దగ్గరికి ఆఖర్న వెళ్ళింది. మనమూ ఒకప్పుడు ఊరి చివరి పేట నుంచి వచ్చినవాళ్ళమే, అయినా మనకంటే కింద ఇంకొకరిని వెతుక్కున్నాం. ఇది రాయడానికి నాకు బాధగానే ఉంది. పాస్టరుగారు తర్వాతి నెల నుంచి గిన్నె వెనక వరస దగ్గర మొదలుపెట్టారు. రెండు కుటుంబాలు వేరే సంఘానికి వెళ్ళిపోయాయి. ఒక కుటుంబం ఇప్పటికీ నాతో మాట్లాడదు.

ఇంకోటి, ఇది చాలా జాగ్రత్తగా వినండి. ఎవరైనా బాప్తిస్మం అడిగితే ముందే చట్టం చెప్పండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, తర్వాతి సవరణల ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవాళ్ళకే ఎస్సీ గుర్తింపు. క్రైస్తవులైన ఎస్సీలని మన రాష్ట్రంలో వెనుకబడిన కులాల్లో బీసీ-సి గ్రూపులో పెట్టారు, అందులో రిజర్వేషన్ 1 శాతం. ఇది అన్యాయమని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. కానీ ఆ పోరాటం మనం చేయాలి, ఒక తల్లి తన కూతురి కాలేజీ సీటు పెట్టి చేయకూడదు. "ఏం కాదులే" అని సంఘం రిజిస్టర్లో పేరు రాయించకండి. మా దగ్గర చాలామంది ఏళ్ళ తరబడి వస్తున్నారు, పేరు రాయించుకోలేదు. వాళ్ళింట్లో చావైనా పెళ్ళయినా మేం వెళ్తాం.

స్థలం గురించి ఒక్క మాట. మిషన్ కాలం నాటి స్థలాలు చాలాచోట్ల ట్రస్టు పేరు మీద ఉంటాయి. కమిటీ తీర్మానంతో అమ్మడం కుదరదు. అడ్వాన్సు తీసుకునేముందు దస్తావేజు తీయించి వకీలుకి చూపించండి.

కాలనీలో ఉన్నవాళ్ళకి ఇళ్ళలో కూటం పెట్టుకోండి, మేం బుధవారం పెడుతున్నాం. అమ్మే సంగతి ఓటుకి పెట్టకముందు కమిటీలో ఇద్దరిని వెంటబెట్టుకుని ఒక రోజు తెల్లవారుజామున 4.30కి మందిరం గేటు దగ్గర నిలబడండి. ఆ వేళ మీ వీధిలో ఎవరు తిరుగుతారో చూసి, మళ్ళీ ఇక్కడ రాయండి.