రుద్రభూమి ఖర్చు పాలికెదా, ప్రజలదా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా. ముప్పై ఏళ్లుగా తూర్పు బెంగళూరులో ఉంటున్నాం. నాలుగు నెలల క్రితం మా నాన్నగారు ఇంట్లోనే కాలం చేశారు. మా ఆచారం ప్రకారం ఇక్కడి పాలికె (నగరపాలక సంస్థ) రుద్రభూమిలో ఖననం చేశాం. గేటు దగ్గరి మనిషి ఎనిమిది వేలు తీసుకున్నాడు గానీ రసీదు ఇవ్వలేదు. సమాధి కట్టుకుంటే ఆ చోటు మాకే శాశ్వతంగా ఉంటుందని, దానికి మరో నలభై వేలు అవుతుందని ఇప్పుడు అంటున్నాడు. లోపల దీపాలు లేవు, ప్రహరీ ఒక పక్క కూలిపోయింది. వార్డు కార్యాలయంలో అడిగితే నిధులు లేవు, మీ సంఘమే చందాలు వేసుకుని నడుపుకోండి అన్నారు. అలా చేయవచ్చా?

జవాబు: ముందు నిధుల సంగతి తేల్చుకుంటే తక్కినవాటికి దారి దొరుకుతుంది. శ్మశానాలు రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో పదో అంశం. 74వ సవరణతో చేరిన పన్నెండో షెడ్యూలులో, అంటే పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగిన పద్దెనిమిది పనుల్లో, ఖనన దహన వాటికలు, విద్యుత్ దహనశాలలు పద్నాలుగో అంశంగా ఉన్నాయి. బెంగళూరు చాలాకాలం 1976 నాటి కర్ణాటక మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం కింద నడిచింది. ఆ చట్టం 58వ సెక్షన్ మృతదేహాల అంత్యక్రియలకు చోటు చూపి నిర్వహించడాన్ని కార్పొరేషన్ తప్పనిసరి విధుల్లో చేర్చింది, తీరిక దొరికితే చేసే పనుల్లో కాదు. 2025లో బృహత్ బెంగళూరు పాలికె స్థానంలో ఐదు నగర పాలికెలు వచ్చాయి కనుక మీ అర్జీ ఇప్పుడు తూర్పు నగర పాలికె కమిషనర్ పేరున వెళ్లాలి.

ఇక డబ్బు లేదన్న మాట. మధ్యప్రదేశ్‌లోని రత్లాంలో ఒక వార్డు జనం మురుగు కంపు భరించలేక మేజిస్ట్రేటును ఆశ్రయించినప్పుడు అక్కడి మునిసిపాలిటీ కూడా సరిగ్గా ఇదే జవాబు చెప్పింది. చట్టం మోపిన విధిని నెరవేర్చకుండా తప్పించుకోవడానికి ఖజానా ఖాళీ అనేది సాకు కాదని 1980లో సుప్రీంకోర్టు ఆ కేసులో తేల్చిచెప్పింది. మీకు వినిపించిన మాటకు నలభై ఏళ్లకు ముందే వచ్చిన సమాధానం అది. రుద్రభూమి తన ఖర్చు తాను సంపాదించుకోవాలని ఏ చట్టమూ కోరదు. రుసుము ఉన్నా అది ఖర్చులో కొంత భాగానికే సరిపోతుంది, మిగిలినది ఆస్తిపన్ను, ప్రభుత్వ గ్రాంట్ల నుంచి రావలసిందే. ప్రహరీ, షెడ్డు వంటి కట్టడాలకు లోక్‌సభ సభ్యుని నిధిని కూడా అడగవచ్చు. ఆ పథకంలో శ్మశాన నిర్మాణాలకు చోటుంది.

గేటు దగ్గర ఇచ్చిన ఎనిమిది వేల గురించి కాస్త జాగ్రత్తగా చెబుతాను. చట్టబద్ధంగా నిర్ణయించిన రుసుము తప్ప పైసా కూడా వసూలు చేసే అధికారం పాలికె సిబ్బందికి గానీ కాంట్రాక్టరు మనుషులకు గానీ లేదు, నిర్ణయించిన రుసుముకు రసీదు ఇవ్వాలి. కాటి సుంకం అనగానే మనవాళ్లకు హరిశ్చంద్రుడు గుర్తొస్తాడు. ఆయన సైతం యజమాని వీరబాహుడి లెక్కకే వసూలు చేశాడు, సొంత భార్యను కూడా వదల్లేదు. తన జేబులో వేసుకోలేదు. అయితే ఆ మనిషి మీద పోలీసు ఫిర్యాదు చేసే ముందు ఒక న్యాయవాదిని కలిసి మాట్లాడండి. 2018 సవరణ తరువాత అవినీతి నిరోధక చట్టంలో లంచం ఇచ్చినవారూ నేరస్థులే. బలవంతం మీద ఇచ్చినవారు ఏడు రోజుల్లో ఫిర్యాదు చేస్తేనే శిక్ష నుంచి మినహాయింపు వర్తిస్తుంది, మీకు నాలుగు నెలలు దాటిపోయాయి. ఇది లంచమా, అనధికార రుసుమా అన్నది ఆ మనిషి ఎవరి ఉద్యోగి అన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. ఆ నలభై వేలు మాత్రం ఇవ్వకండి. మళ్లీ అడిగితే ఇవ్వకముందే లోకాయుక్త పోలీసులకు చెప్పండి.

రసీదు లేకపోవడం వల్ల ఇంకో చిక్కు కూడా రావచ్చు. జనన మరణాల నమోదు చట్టం, 1969 పదో సెక్షన్ ప్రకారం అక్కడ జరిగిన ప్రతి అంత్యక్రియనూ రిజిస్ట్రారుకు తెలియజేయడం శ్మశానాన్ని చూసుకునే వ్యక్తి బాధ్యత. ఇంట్లో జరిగిన మరణాన్ని ఇరవై ఒక్క రోజుల్లో నమోదు చేయించవలసింది ఇంటి పెద్ద. మరణ ధ్రువపత్రం ఇంకా తీసుకోకపోతే ఆలస్య నమోదుకు వెంటనే దరఖాస్తు చేయండి. ఏడాది దాటనిస్తే జిల్లా మేజిస్ట్రేటు గానీ సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు గానీ ఆదేశం ఇవ్వవలసి వస్తుంది.

సమాధి విషయంలో చెప్పేది మీకు రుచించకపోవచ్చు. కర్ణాటక భూ రెవెన్యూ నియమాల ప్రకారం శ్మశానంగా వాడుకలో ఉన్న భూమి బి ఖరాబు కిందికి వస్తుంది, అంటే ప్రజోపయోగానికి కేటాయించినది. అక్కడ మీకు దొరికింది ఖననానికి అనుమతి మాత్రమే, జాగా మీద యాజమాన్యం కాదు. పాలికె రాతపూర్వక అనుమతి లేకుండా కట్టిన సమాధిని తొలగించే వీలుంటుంది, నలభై వేలు పుచ్చుకున్నవాడు ఆరోజు కనిపించడు. బయటివారెవరైనా మీ మనసు నొప్పించాలనే ఉద్దేశంతో సమాధి చోటులోకి చొరబడితే భారతీయ న్యాయ సంహిత 301వ సెక్షన్ కింద ఏడాది దాకా శిక్ష ఉంది, కానీ నియమాల ప్రకారం పాలికె ఆ చోటును తిరిగి వాడుకుంటే దానికి ఆ సెక్షన్ వర్తించదు.

సంఘం చందాలు వేసుకుని నిర్వహించడం నిషిద్ధమేమీ కాదు. కానీ కమిషనర్‌తో రాతపూర్వక ఒప్పందం లేకుండా దిగవద్దు. చందా మీ సభ్యుల వద్దే తీసుకోండి, శవాన్ని తెచ్చినవారి నుంచి మీరు రుసుము వసూలు చేయరాదు. ఇంతకన్నా ముఖ్యం, 'మా కాలనీవారికే', 'మా కులంవారికే' అన్న బోర్డు పెట్టాలన్న ఆలోచన ఎవరికైనా వస్తే మొదట్లోనే ఆపండి. అంటరానితనం కారణంగా శ్మశాన ప్రవేశానికి అడ్డుపడడం 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం నాలుగో సెక్షన్ కింద నేరం. దళితుల, గిరిజనుల విషయంలో అట్రాసిటీ నిరోధక చట్టం కూడా వర్తిస్తుంది. మంచిపనికి పూనుకుని ఆ కేసులో ముద్దాయిలైన సంఘ పెద్దల తరఫున వాదించడం ఏ వకీలుకైనా కష్టమే.

ముందుగా పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు వేయండి. కర్ణాటకలో దరఖాస్తు ఒకే విషయం మీద, 150 పదాల లోపు ఉండాలి కనుక క్లుప్తంగా నాలుగు అంశాలు అడగండి: ఆ రుద్రభూమికి నిర్ణయించిన రుసుములు, మూడేళ్లలో అక్కడ వసూలైన సొమ్ము, ఖర్చు పెట్టిన సొమ్ము, నిర్వహణ ఎవరి చేతిలో ఉందో చూపే ఒప్పందం ప్రతి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. దాన్ని జతచేసి, దీపాలు, ప్రహరీ ఫలానా గడువులోపు సరిచేయాలని కోరుతూ సంఘం తరఫున కమిషనర్‌కు స్పీడ్ పోస్టులో అర్జీ పంపండి. దానికి జవాబు రాకపోయినా, నిధులు లేవన్న పాత మాటే మళ్లీ వచ్చినా, హైకోర్టులో రాజ్యాంగం 226వ అధికరణం కింద రిట్ వేయడానికి కావలసిన కాగితాలన్నీ అప్పటికి మీ చేతిలో ఉంటాయి.